కేస్ షీట్ పక్కన పెట్టుకుని చదవాల్సిన బిల్లు

(గుంటూరులో ఒక కాలనీ పెద్దల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినావిడ ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో 22 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. సభలో వచ్చిన ప్రశ్నలు కొన్ని చివర ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? ఫ్యాను చప్పుడు బాగా ఉంది. సరే, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఇందాక మాష్టారు గారు నన్ను పరిచయం చేస్తూ "ఈవిడ ఆసుపత్రి బిల్లుల గుట్టు విప్పుతారు" అన్నారు. గుట్టేమీ లేదండీ. నేను 22 ఏళ్లు కౌంటర్‌కి అవతల పక్క కూర్చున్నాను. అద్దానికి చిన్న కంత ఉంటుంది చూడండి, దాని వెనక. అక్కణ్ణుంచి రోజూ ఒకటే దృశ్యం. పేషెంటు తాలూకు మనిషి వస్తాడు, బిల్లు తీసుకుంటాడు, తిన్నగా చివరి పేజీకి వెళ్తాడు. కింద అంకె చూస్తాడు. ఒక నిమిషం మాట్లాడడు. తరవాత, "మేడమ్, ఎంతో కొంత తగ్గించండి" అంటాడు.

తగ్గిస్తామండీ. మా మేనేజర్‌కి కొంత తగ్గించే అధికారం ఉండేది. ఎమ్మెల్యేగారి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఇంకొంచెం తగ్గేది. [నవ్వులు] నవ్వకండి, మీలో ఎంతమంది చేయించారో నాకు తెలుసు.

ఒకసారి తెనాలి పక్క పల్లెటూరి నుంచి ఒక రైతు వచ్చాడు. తండ్రికి ఆపరేషన్. బిల్లు 2 లక్షల 40 వేల చిల్లర. ఎవరిచేతో చెప్పించుకున్నాడు, 10 వేలు తగ్గించారు. నాకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లాడు. నాలుగు రోజులకు ఫైళ్లు సర్దుతుంటే చూశాను. వార్డు నుంచి ఫార్మసీకి వాపసు వెళ్లిన మందుల సంచీ ఒకటి ఆయన తండ్రి ఐపీ నంబరుతో, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరుతో ఉంది. విలువ 23 వేలు. వాడని మందులు. ఆ సొమ్ము బిల్లులోంచి తీసెయ్యాలి, తియ్యలేదు. డిశ్చార్జి హడావిడిలో సంచీ వార్డులోనే ఉండిపోయింది, బిల్లు ముందే మూసేశారు. మా ఇన్‌ఛార్జికి చెప్పాను. "ఫైల్ క్లోజ్ అయిపోయిందమ్మా" అన్నారు. ఆ రైతుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఆయన పెట్టిన దణ్ణం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు ఆయన అడగాల్సింది "తగ్గించండి" అని కాదు, "చూపించండి" అని. "మా నాన్నకి ఏమేం వాడారు, ఏమేం వాపసు వెళ్లాయి, చూపించండి." ఆ ఒక్క మాట అడిగి ఉంటే, 23 వేలు ఎవరి దయా అక్కర్లేకుండా ఆయనవే.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ చూపించమనడం గురించే.

ముందు బిల్లు ఎలా పుడుతుందో చెప్తాను. చాలామంది అనుకునేది, ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు బిల్లులో పడుతుందని. కాదు. నర్సు కంప్యూటర్‌లో ఇండెంట్ పెడుతుంది, అంటే ఈ పేషెంటుకి ఈ మందులు కావాలని ఫార్మసీకి కోరిక. ఫార్మసీవాళ్లు పంపిస్తారు. పంపించిన క్షణంలోనే అది మీ ఖాతాలో పడిపోతుంది. పేషెంటుకి ఎక్కించారా, మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చి ఆ మందు ఆపేశారా, అది బిల్లుకి తెలియదు. ఆపేస్తే నర్సు ఆ మందును వాపసు పంపాలి, ఫార్మసీ దాన్ని లెక్కలో కొట్టెయ్యాలి. వెళ్లేటప్పుడు పని దానంతటదే జరిగిపోతుంది. వెనక్కి వచ్చేటప్పుడు మనిషి చెయ్యాలి. అందుకని తప్పులన్నీ వెనక్కి వచ్చే దారిలో ఉంటాయి.

పరీక్షలూ అంతే. రక్తం తీస్తారు, శాంపిల్ గడ్డకట్టిపోయింది మళ్లీ తియ్యాలంటారు. రెండుసార్లు బిల్లులో పడొచ్చు. రిపోర్టు ఒకటే ఉంటుంది. డాక్టరు విజిట్ నర్సు నమోదు చేస్తుంది. ఉదయం పెద్ద డాక్టరు రావాలి, రాలేదు, ఆయన జూనియర్ వచ్చి చూసి వెళ్లాడు. బిల్లులో ఎవరి ఫీజు పడింది? రూము అద్దె అయితే మనిషి ప్రమేయమే లేదు, రాత్రి 12 కొట్టగానే కంప్యూటరే వేసేస్తుంది.

ఇందులో మోసం లేదా అంటే, ఉండే చోట ఉంటుంది. కానీ నేను చూసినంతలో అలసట ఎక్కువ, మోసం తక్కువ. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ఎంతమందిని చూస్తుందో మీరు కళ్లారా చూసే ఉంటారు. కాబట్టి కౌంటర్ దగ్గరికి దొంగను పట్టుకున్న మొహంతో వెళ్లకండి. అవతలివాళ్లు బిగుసుకుపోతారు. కోపం లేకుండా, కాగితం చేతిలో పట్టుకుని వెళ్లినవాళ్లకే మేం భయపడేవాళ్లం. [నవ్వులు]

ఆ కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరే రాసుకోవాలి. పది రూపాయల నోట్‌బుక్ చాలు. ఫ్లాస్కూ దుప్పటీ తెచ్చుకుంటారు కదా, దాంతోపాటు తెచ్చుకోండి. రోజుకో పేజీ. ఏ డాక్టరు ఎన్నింటికి వచ్చారు, ఏ రక్తపరీక్షకు తీసుకున్నారు, స్కానింగ్‌కి ఎప్పుడు తీసుకెళ్లారు, సెలైన్ బాటిల్ ఎన్నోది, ఐసీయూలోంచి వార్డుకి ఎన్ని గంటలకు మార్చారు. నర్సమ్మాయి వచ్చి చేతికి చిన్నసూది గుచ్చి షుగర్ చూస్తుంది, దానికీ విడిగా డబ్బులుంటాయి, రోజుకి ఎన్నిసార్లు చూసిందో గీతలు పెట్టుకోండి. నెబ్యులైజర్ కూడా అంతే, పెట్టిన ప్రతిసారికీ లెక్క. ఆక్సిజన్ గంటల లెక్క. ఎప్పుడు పెట్టారో అందరికీ గుర్తుంటుంది, ఎప్పుడు తీసేశారో ఎవరికీ గుర్తుండదు. తీసేసిన టైము రాసుకోండి.

ఐసీయూలో ఉంటే మనం లోపల ఉండం కదా అంటారు. నిజమే. అక్కడ నోట్‌బుక్ సగమే పనిచేస్తుంది. అందుకే రోజూ సాయంత్రం కౌంటర్‌కి వెళ్లి ఆ రోజు వరకూ అయిన బిల్లు అడగండి. ఇంటెరిమ్ బిల్లు అంటారు, రన్నింగ్ బిల్లు అన్నా ఇస్తారు. "ఇంకా అడ్వాన్స్ కట్టండి" అని వాళ్లు మనల్ని పిలుస్తారు చూడండి, ఆ పిలుపు మనకు మంచి అవకాశం. "కడతానమ్మా, ఇప్పటిదాకా అయినదాని వివరం ప్రింటు తీసివ్వండి" అనాలి. సోమవారం జరిగిన తప్పు మంగళవారం పట్టుకుంటే ఆ నర్సే డ్యూటీలో ఉంటుంది, ఆమెకి గుర్తుంటుంది. పది రోజుల తరవాత డిశ్చార్జి పూట, కింద ఆటో ఆగి ఉండగా, 14 పేజీల బిల్లు పట్టుకుని ఏం చూస్తారు మీరు?

ఇక నా సొంత సంగతి ఒకటి. రిటైరయ్యాక మా అత్తగారు బాత్రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నేను పనిచేసిన చోట కాదు, వేరే ఆసుపత్రి. ఇక చూస్కోండి, నేను నోట్‌బుక్కూ పెన్నూ పట్టుకుని మంచం పక్కన పహారా. బిల్లు రాగానే ఎర్రపెన్నుతో గీశాను. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రోజుకి మూడు వేశారు, నేను రాసుకున్నది రెండే. ఐదు రోజులు, ఐదు ఇంజెక్షన్లు ఎక్కువ. వెళ్లి అడిగాను. అడిగానేమిటి, గొడవే పడ్డాను, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని కదా! అక్కడి సిస్టర్ పాపం చిన్నపిల్ల, ఏమీ అనకుండా కేస్ షీట్ తెచ్చి, మందుల చార్టు తెరిచి చూపించింది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. రాత్రి పదింటి డోసు పక్కన ప్రతి రోజూ సంతకం ఉంది. రాత్రి పదింటికి నేను గురకపెట్టి నిద్రపోతున్నాను. [నవ్వులు]

క్షమించమని అడిగాను. అదే చార్టులో ఇంకోటి కనపడింది. ఫిజియోథెరపీ ఏడు రోజులు వేశారు, చార్టులో ఐదు రోజులకే సంతకాలున్నాయి. మధ్యలో ఆదివారం, ఇంకోరోజు అత్తగారికి జ్వరం వచ్చి చేయించలేదు. చూపించగానే రెండు రోజులు తీసేశారు, మాట్లాడలేదు. నా నోట్‌బుక్ చెప్తే వాదన, వాళ్ల కేస్ షీట్ చెప్తే లెక్క. బిల్లులో ఉన్న ప్రతి వరసకీ కేస్ షీట్‌లో ఒక జాడ ఉండాలి: డాక్టరు రాసిన ఆర్డరో, నర్సు సంతకమో, రిపోర్టో. జాడ లేని వరస మీద వేలు పెట్టి అడగండి.

కేస్ షీట్ మనకు చూపిస్తారా? చూపించాలి. కాపీ కూడా ఇవ్వాలి. డాక్టర్ల ప్రవర్తన నియమావళి 2002 నుంచి ఉంది, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అందులోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. వివరంగా ఐటమ్ వారీ బిల్లు ఇవ్వాలని అందులో రాసి ఉంది. కాబట్టి "సమ్మరీ బిల్లు" అని ఒక పేజీ ఇచ్చి, "ఫార్మసీ 68 వేలు, కన్జ్యూమబుల్స్ 31 వేలు" అంటే సరేనని డబ్బు కట్టకండి. డీటెయిల్డ్ బిల్లు అడగండి. బటన్ నొక్కితే ప్రింటు వస్తుంది, అదేం పెద్ద పని కాదు. నేను చెప్తున్నాను కదా.

కన్జ్యూమబుల్స్ అన్నాను. గ్లవ్సు, సిరంజిలు, దూది, మాస్కులు, సూదులు ఇవన్నీ. బిల్లులో సగం పేజీలు వీటివే ఉంటాయి. ఒక్కోటి ఐదూ పదీ కాబట్టి మనం చదవం. 2017లో గురుగ్రామ్‌లో డెంగీతో ఒక చిన్నపాప చనిపోయింది. రెండు వారాల పైచిలుకు చికిత్సకి దాదాపు 16 లక్షల బిల్లు. అందులో 2,700 గ్లవ్సు, 660 సిరంజిలు ఉన్నాయని దేశమంతా పేపర్లలో వచ్చింది. పదిహేను రోజులే అనుకున్నా రోజుకి 180 గ్లవ్సు. ఐసీయూలో గ్లవ్సు ఎక్కువే పడతాయి, నేను ఒప్పుకుంటాను. ముట్టుకున్న ప్రతిసారీ మార్చాలి. అయినా ఆ లెక్క మీరే వేసుకోండి.

ఆ గొడవ తరవాత, 2018 ఫిబ్రవరిలో, మందుల ధరలు నియంత్రించే జాతీయ సంస్థ, ఎన్‌పీపీఏ అంటారు, ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూసింది. కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. ఇక్కడ ఒక కిటుకు ఉంది, శ్రద్ధగా వినండి. అవి ఎమ్మార్పీకి మించి అమ్మినవి కావు. ఎమ్మార్పీకే అమ్మారు. ఆసుపత్రి టోకున కొంటుంది కాబట్టి, కంపెనీవాడు ఎమ్మార్పీనే బాగా పెంచి అచ్చేసి ఇస్తాడు. అందుచేత "ఎమ్మార్పీకి మించి వేశారా" అని చూడటం మంచిదే, వేస్తే నేరమే, కానీ దాంతో సరిపోదు. అదే మందు బయట ఇంకో కంపెనీది ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. ఫార్మా సహీ దామ్ అని ఎన్‌పీపీఏ వాళ్ల యాప్ ఉంది, మీ మనవల చేత ఫోన్లో వేయించుకోండి.

మందులు మా దగ్గరే కొనాలని బలవంతం చేస్తే? రోగుల హక్కుల పత్రం ప్రకారం మందులు ఎక్కడ కొనుక్కోవాలో, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు మీది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకు ఇదే విషయం వచ్చింది. కోర్టు నేరుగా నిషేధం పెట్టకుండా, రాష్ట్ర ప్రభుత్వాలే ఆలోచించి విధానం చేసుకోవాలంది. అంటే కాగితం మీద హక్కు ఉంది, వార్డులో మాత్రం కాస్త గట్టిగా నిలబడాలి. ఐసీయూలో మనిషి ఉన్నప్పుడు బజారంతా తిరిగి మందులు తెస్తాననడం తెలివైన పని కాదు, అదీ చెప్తున్నాను. వార్డుకి మార్చాక, రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలకైతే అడగండి. "ఇంట్లో ఉన్నవి తెచ్చుకుంటాం డాక్టరుగారూ" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు... ఐదుగురు. 2017 ముందు స్టెంట్ ఒక్కోటి లక్ష పైనే వేసేవాళ్లు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది, మందు పూత ఉన్నదానికి 29,600, మామూలు దానికి 7,260. ఆ తరవాత ధరలు సవరిస్తూ వచ్చారు కాబట్టి ఇవాళ్టి అంకె వేరు. మీకు కావాల్సింది ఏమిటంటే, బిల్లులో స్టెంట్ ధర విడిగా, కంపెనీ పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరుతో రాయాలి. "ప్రొసీజర్ ఛార్జీలు" అని ఒకే వరసలో కలిపేయకూడదు. స్టెంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, అది కేస్ షీట్‌లో అతికిస్తారు. మూడు స్టెంట్లకు బిల్లు వేస్తే మూడు స్టిక్కర్లు ఉండాలి. మోకాలి చిప్ప మార్పిడి ఇంప్లాంట్లకి కూడా 2017 ఆగస్టులో గరిష్ఠ ధర పెట్టారు, దానికీ స్టిక్కర్లే సాక్ష్యం.

ఇప్పుడు రూము. నన్నడిగితే బిల్లు మొత్తంలో ఖరీదైన మాట ఇదే.

మొదటి సంగతి, రోజు అంటే ఎంత? 4వ తేదీ రాత్రి 10కి చేరారు, 7వ తేదీ పొద్దున 11కి డిశ్చార్జి. క్యాలెండర్ ప్రకారం నాలుగు రోజులు. 24 గంటల లెక్కన మూడు రోజులు. ఏ పద్ధతో చేరేటప్పుడే అడిగి, నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకోండి. ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రోజు చూడండి, రెండు అద్దెలూ పడి ఉంటాయి చాలాసార్లు.

రెండోది జీఎస్టీ. వైద్యానికి జీఎస్టీ లేదు. కానీ 2022 జులై 18 నుంచి రోజుకి 5 వేలు దాటిన రూముకి 5 శాతం పడుతుంది. 6 వేల రూము అయితే పైనున్న వెయ్యి మీద కాదు, మొత్తం 6 వేల మీద, అంటే 300. ఐసీయూకి లేదు, ఎంత ఖరీదైనా లేదు. ఐసీయూ అద్దె మీద జీఎస్టీ కనపడితే తప్పని చెప్పండి. డాక్టరు చెప్పిన పథ్యం భోజనం పేషెంటుకి పెడితే దానిమీదా లేదు.

మూడోది ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకి. మీ పాలసీలో రూముకి రోజుకి 4 వేలు పరిమితి. కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి "అమ్మకి మంచి రూము తీసుకోండి, పైన డబ్బు నేను పంపిస్తా" అన్నాడు. 8 వేల రూము తీసుకున్నారు. ఐదు రోజులు. తేడా 20 వేలే కదా అనుకుంటారు. కాదు! అర్హత 4, తీసుకున్నది 8, అంటే సగం. రూముతోపాటు పెరిగే ఖర్చులు, అంటే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, ఇవన్నీ కూడా సగమే ఇస్తారు. అవి లక్షా 20 వేలు అయితే 60 వేలు మీ మీద. మొత్తం 80 వేలు. బాబు పంపిస్తానన్నది 20 వేలు. [నవ్వులు] దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు.

అయితే ఇందులోనూ తనిఖీ చెయ్యాల్సింది ఉంది. మందులు, కన్జ్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలు, వీటికి ఈ కోత పెట్టకూడదు. ఐసీయూ ఛార్జీలకూ పెట్టకూడదు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన అది. ఏ రూముకైనా ఒకే రేటు వేసే ఆసుపత్రి అయితే అసలు కోతే లేదు. క్లెయిము పరిష్కార కాగితం తీసి చూడండి, మొత్తానికి సగం కొట్టేశారా, కొట్టాల్సిన వాటికే కొట్టారా అని.

ఇంకోటి, "నాన్ మెడికల్" అని ఒక లైను వస్తుంది, 9 వేలో 12 వేలో, ఇన్సూరెన్సు ఇవ్వదు మీరు కట్టండంటారు. దీనికి కూడా ఐఆర్‌డీఏఐ నాలుగు జాబితాలు పెట్టింది. మొదటి జాబితాలోవి నిజంగానే మన జేబులోంచి: డైపర్లు, మినరల్ వాటర్, ఫోన్, టీవీ, లాండ్రీ, ఇలా 68 ఉన్నాయి. మిగతా మూడు జాబితాలు అసలైనవి. గౌను, చెప్పులు, బెడ్‌ప్యాన్, అడ్మిషన్ కిట్, ఫైలు తెరిచిన ఛార్జీ, హౌస్‌కీపింగ్, ఏసీ, ఇంజెక్షన్ వేసినందుకు ఛార్జీ, ఇవి రూము అద్దెలోనే కలిసి ఉండాలి. గాజుగుడ్డ, దూది, సర్జికల్ బ్లేడు, ఆపరేషన్ ముందు వెంట్రుకలు తీసే రేజరు, ఇవి ఆపరేషన్ ఛార్జీలో. యూరిన్ బ్యాగు, షుగర్ చూసే స్ట్రిప్పులు, ఇన్ఫ్యూజన్ పంపు, ఇవి చికిత్స ఖర్చులో. విడిగా బిల్లు వేస్తే ఇన్సూరెన్సువాళ్లు ఇవ్వరు. ఆసుపత్రివాళ్లు తిరిగి మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు "ఇది రూములో కలవాల్సిందే కదమ్మా, మా దగ్గర విడిగా ఎందుకు?" అని టీపీఏ డెస్కులో, అంటే ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కాగితాలు చూసే కౌంటర్‌లో అడగండి. ఆ డెస్కు అమ్మాయికి ఈ జాబితాలు కంఠతా వచ్చు. మీకూ తెలుసని ఆమెకి తెలిస్తే చాలు.

ప్యాకేజీ గురించి త్వరగా చెప్పేస్తాను, టీ వచ్చేసినట్టుంది. కాటరాక్టు, సిజేరియన్, హెర్నియా లాంటి వాటికి "అంతా కలిపి ఇంత" అంటారు. నోటిమాట నమ్మకండి. అందులో ఎన్ని రోజులు ఉన్నాయి, మందులున్నాయా, ఇంప్లాంట్ ఉందా, మత్తు డాక్టరు ఫీజు ఉందా, కాగితం మీద రాయించుకోండి. బిల్లు అంతా ప్యాకేజీ బయటే పెరుగుతుంది. కోవిడ్ టైములో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకి రేట్లు పెట్టింది, 2020 జూన్‌లో. మామూలు వార్డు 4 వేలు, ఐసీయూ 7,500, వెంటిలేటర్ ఉంటే 9 వేలు. కానీ పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, కొన్ని పరీక్షలు అందులో లేవు. ఆ లేనివాటి మీదే లక్షలు దాటాయి, మన చుట్టాల్లో ఎంతమంది కట్టారో మీకు చెప్పక్కర్లేదు.

అడగండి, ప్రశ్నలుంటే.

*ఒక పెద్దాయన: బిల్లు మీద గొడవ తేలేదాకా పేషెంటుని పంపించం అంటే ఏం చెయ్యాలమ్మా?*

ఆపకూడదు బాబాయిగారూ. బిల్లు వివాదం ఉందని పేషెంటునిగానీ, చనిపోతే శవాన్నిగానీ ఆపే అధికారం ఆసుపత్రికి లేదని రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది. బాకీ ఉంటే చట్టప్రకారం వసూలు చేసుకోవాలి, మనిషిని పట్టుకుని కాదు. అలా ఆపితే 112కి ఫోన్ చెయ్యండి. అంతదాకా రాకుండా ఉండాలంటే, వివాదం లేని మొత్తం కట్టేసి, వివాదం ఉన్నదాని మీద "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి సంతకం పెట్టి, ఆ కాగితం ఫోటో తీసుకోండి. తరవాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినప్పుడు ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

*ఒకావిడ: క్యాష్‌లెస్ అన్నారు మేడమ్, పొద్దున డిశ్చార్జి చెప్పి రాత్రి ఎనిమిదింటికి వదిలారు. ఆ రోజు అద్దె కూడా వేశారు.*

2024 మే నుంచి నిబంధన ఉందమ్మా. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితాలు అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్సు కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. దాటితే ఆ ఆలస్యం వల్ల పడిన అదనపు ఖర్చు కంపెనీదే. కాబట్టి ఆసుపత్రి ఎన్నింటికి పంపింది, కంపెనీ ఎన్నింటికి జవాబిచ్చింది, రెండు టైములూ టీపీఏ డెస్కులో అడిగి రాసుకోండి. మా అనుభవంలో సగంసార్లు ఆలస్యం కంపెనీది కాదు, డిశ్చార్జి సమ్మరీ టైపు అవ్వక మా దగ్గరే ఆగేది. [నవ్వులు] అప్పుడు ఆ అద్దె ఆసుపత్రినే తీసెయ్యమనండి. కంపెనీ తప్పయితే ముందు కంపెనీకి రాయాలి, జవాబు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాదులో ఉంది, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు.

*ఇంకొకాయన: మాది ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు. ఆపరేషన్ ఫ్రీ అన్నారు, కానీ పరీక్షలకని 6 వేలు కట్టించుకున్నారు.*

రసీదు ఇచ్చారా?

*ఇవ్వలేదండీ. తెల్లకాగితం మీద రాసిచ్చారు.*

అది జాగ్రత్తగా పెట్టుకోండి. పథకం కింద కేసు మంజూరయ్యాక ఆ జబ్బుకి పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ప్యాకేజీలోవే, పేషెంటు దగ్గర తీసుకోకూడదు. ఆసుపత్రిలోనే హెల్ప్ డెస్కు ఉంటుంది, ముందు అక్కడ ఫిర్యాదు రాయించండి, లేకపోతే 104కి చెయ్యండి. ఏ తేదీన కట్టారు, ఎవరు తీసుకున్నారు, ఏ పరీక్షకి, అంతా చెప్పండి. మీటింగ్ అయ్యాక ఆ కాగితం నాకొకసారి చూపించండి, తేదీ మంజూరుకి ముందా తరవాతా చూద్దాం. దాన్నిబట్టి ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.